కోఠీ చౌరస్తా

నగరమును చూడవచ్చిన చుట్టములకు మనవారు సాధారణముగా కోటలను, గోపురములను, తోటలను చూపుదురు. చౌరస్తాను చూపువారు అరుదు. బస్సు మాఱుటకో, బేరమాడుటకో అచట నిలుతుమే కాని దానిని చూచుటకై నిలువము. అయినను జనుల చరిత్రము ఎక్కువగా నడచినది అట్టి చోటులందే. నాలుగు త్రోవలు కలియుచోట సంత పుట్టును. సంత యున్నచోట మాట పుట్టును. మాట యున్నచోట వివాదమును, సభయు, సంస్కారమును పుట్టును. హైదరాబాదు నగరమున కోఠీ చౌరస్తా అట్టి స్థలము.

విడిపోయి మరల కలిసిన నగరములనగానే చదువుకొన్నవారికి బెర్లిను జ్ఞప్తికి వచ్చును. అచట బ్రాండెన్‌బర్గు ద్వారము ముందటి చత్వరము 1961 ఆగస్టులో గోడ లేచినది మొదలు ఇరువదియెనిమిది సంవత్సరములు నిర్జనముగా పడియుండెను. 1989లో గోడ కూలిన పిమ్మట ఆ చత్వరము మరల నగరమునకు దక్కినది. మనకు అంత దూరము పోవలసిన పని లేదు. ఒకే నగరమున ఒక వీథికి ఒక ప్రభుత్వమును, ప్రక్క వీథికి మఱియొక ప్రభుత్వమును నడచిన చోటు మన కోఠీయే. ఇక్కడ రాతిగోడకంటె కాగితముమీది గీతయే బలమైనదిగా నుండెను.

మేము తుర్కయాంజాలున కాపురముండువారము. బడిపంతులు పనిలో ఇరువది యేండ్లకు పైగా గడపినవారము. ఒకప్పుడు పొలముల నడుమ నుండిన మా యూరు నేడు సాగరు రోడ్డు వెంబడి పెరిగి నగరముతో కలిసిపోవుచున్నది. వేసవి సెలవులు ముగియుచున్న దినములలో మా పెద్దమ్మాయిని వెంటబెట్టుకొని కోఠీకి పోయితిమి. ఇంటరు పూర్తిచేసిన ఆ పిల్లను అచటి మహిళా విశ్వవిద్యాలయమున చేర్పింపవలెనని మా సంకల్పము. దానికి ఇంట రెండు అభ్యంతరములు లేచినవి. మొదటిది మా తల్లిగారిది. “ఆడపిల్ల రోజు అంత దూరం బస్సుల ఎట్ల పోతది? ఈడ కాలేజీలు లేవా?” అని ఆమె వాదము. రెండవది పిల్లదే, అది మఱింత కఠినమైనది. కొన్ని నెలలకు ముందు పట్టణమున ఒకానొక శిక్షణాలయములో ఆలస్యమునకు కారణమడుగగా ఆమె “బస్సు దొరకలే సార్, నడుసుకుంట వచ్చినం” అనెనట. తోడి విద్యార్థులు నవ్విరి. పాఠము చెప్పువాడును నవ్వెను. ఆనాటినుండి నాలుగు మాటలు చెప్పవలసిన చోట ఒక మాట చెప్పి ఊరకుండుట ఆమెకు అలవాటైనది. “నేను సిటీల చదువ నాయనా” అనుటకు అదియే కారణము. మా తల్లిగారి భయమునకు బస్సుపాసును, వేళకు ఇల్లు చేరుటయు సమాధానము కావచ్చును. పిల్ల భయమునకు ఏది సమాధానము?

ఇంజాపురము, బి.యన్.రెడ్డి నగరము దాటి మలకపేట మీదుగా చాదర్‌ఘాటు వంతెనకు వచ్చుసరికి ఎండ ముదిరినది. ఆ వంతెన క్రింది మూసీయే పూర్వమొక ఎల్ల. దక్షిణపుటొడ్డున నిజాముల పాత నగరము. ఉత్తరపుటొడ్డున ఆంగ్లేయుల రెసిడెన్సీ. ‘కోఠీ’ యనగా మేడ. ఏ మేడను బట్టి ఈ చోటికి ఆ పేరు వచ్చినదో అది నేటికిని నిలిచియున్నది. 1798లో నిజాము అలీఖాను ఈస్టిండియా కంపెనీతో సైన్యసహకారపు ఒడంబడిక చేసికొనెను. ఆ కాలమున రెసిడెంటుగా వచ్చిన జేమ్సు అకిలీజు కర్కుపాట్రిక్ మూసీ తీరమున ఈ భవనమును తలపెట్టెను. మద్రాసు ఇంజనీర్ల దళమునకు చెందిన సామ్యూల్ రస్సెల్ దాని రూపము దిద్దెను. ధనము నిజాముది, అధికారము కంపెనీది. మిన్నందు స్తంభములు, ఇరువదికి మించిన మెట్లు, మెట్లకు ఇరుప్రక్కల సింహములు. క్రింద నిలిచినవాడు తన చిన్నతనమును తానే గ్రహింపవలెనని కట్టినట్లుండును.

ఆ రెసిడెంటు హైదరాబాదున ఒక గొప్ప యింటి కన్యయగు ఖైరున్నీసాను వివాహమాడెను. ఆమె కొఱకు ఆ యావరణలోనే ఘోషాయిల్లు కట్టించెను. 1805లో తమ బిడ్డల నిద్దఱను ఇంగ్లండుకు పంపివేసిరి. ఆ యేడే తండ్రి కలకత్తాలో మరణించెను. తల్లి తన బిడ్డలను మరల చూడనేలేదు. రెండు దేశముల నడుమ గీచిన గీత అందఱికంటె ముందు ఆ తల్లి యొడిమీద పడినది.

1857 జూలై 17వ తేదీన తుర్రేబాజు ఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకులుగా జనసమూహము ఈ రెసిడెన్సీపై బడెను. పుత్లీబౌలీ వైపున సాహుకారుల మేడలనుండి వారు పోరాడిరి. కాని ఫిరంగుల యెదుట నిలువలేకపోయిరి. తరువాత తుర్రేబాజు ఖాను కాల్చి చంపబడెను; మౌల్వీ అండమానుకు పంపబడెను. నేడు కోఠీలో ఒక రహదారి తుర్రేబాజు ఖాను పేర నున్నది. మేము దానిని చూపగా మా అమ్మాయి ఆ పేరును రెండుసార్లు చదివి, తన చేతిపుస్తకమున వ్రాసికొన్నది.

ఈ మేడ చుట్టును పెరిగిన అంగళ్ళు రెసిడెన్సీ బజారులని పిలువబడినవి. ఇవి నిజాము రాజ్యము నడుమ నుండియు రెసిడెంటు అధికారమునకు లోబడియుండెను. ధనమునకు రక్షణ గోరి సాహుకారులు ఇందు చేరిరి. వారి వెనుక వర్తకులు, వకీళ్ళు, పంతుళ్ళు చేరిరి. మార్వాడీ, గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, తెలుగు మాటలు ఒక్క వీథిలో వినవచ్చినవి.

ఇక్కడనే చరిత్రము మనతో ఒక పరిహాసమాడినది. పరాయివాడు తన పెత్తనము కొఱకు గీచిన గీత లోపలనే మనవారికి కొంత ఊపిరాడెను. 1892లో ఆర్యసమాజము ఈ బజారున వెలసెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు మొదలగువారు 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి; పిమ్మట దానికి సుల్తాన్ బజారుననే సొంత భవనము ఏర్పడెను. నిజాము రాజ్యమున సభ జరుపుటకు ముందుగా అనుమతి పొందవలెనని నిర్బంధించిన 53వ నంబరు గస్తీ 1929లో వచ్చెను. అట్టి కాలమున వీథి దాటినంతనే వేఱొక అధికారముండుట ఎంత యాసరాయో ఊహింపవచ్చును. దీనిని బట్టి ఆంగ్లేయుల పాలన మేలైనదని యెవరును అనుకొనరాదు. గాలిలేని గదిలో నున్నవాడు పొరుగింటి కిటికీ ప్రక్కకు జరిగెనేకాని, ఆ యిల్లు తనదని భ్రమపడలేదు.

అయితే ఏ గీతయు లేనిచోట మనుష్యులు తామే గీత గీచికొనగలరు. 1921 నవంబరు 11, 12 తేదీలలో కోఠీకి అల్పదూరముననున్న వివేకవర్ధనీ నాటకశాలలో సంఘసంస్కార మహాసభ జరిగెను. అధ్యక్షుడు ధోండో కేశవ కార్వే. 1916లో ఈ దేశమున మొదటి మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించిన మహనీయుడు. ఆంగ్లము, ఉర్దూ, మరాఠీలలో ఉపన్యాసములు సాగినంతసేపు సభ నిశ్శబ్దముగా వినెను. న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడ లేచినంతనే కేకలు, ఈలలు, ఎగతాళి. ఆయన ఉపన్యాసము సాగనేలేదు. ఆ రాత్రియే కొందఱు తెలుగువారు టేకుమాల రంగారావుగారి యింట గుమిగూడి ఆంధ్ర జనసంఘమునకు నాంది పలికిరి. మాడపాటి హనుమంతరావు ఆ యుద్యమమునకు ప్రాణమైరి. 1928లో బాలికలకు తెలుగు ఉన్నత పాఠశాలను నెలకొల్పినవారును ఆయనయే. 1930లో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో మొదటి నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ జరిగెను.

ఈ కథను కోఠీ కాలిబాటమీద పాతపుస్తకముల రాశుల ప్రక్కన నిలిచి మా అమ్మాయికి చెప్పితిమి. ఆమె కొంతసేపూరకుండి, “అంటె నవ్వినోళ్ళు చదువుకున్నోళ్ళేనా నాయనా?” అని అడిగెను.

“చదువుకొన్నవారే కాదమ్మా, సంస్కరణము కోరి వచ్చినవారు.”

“మరి ఆయన ఊకున్నడా?”

“ఆయన వెంట నలుగురు లేచిరి. ఆ రాత్రి ఆ నలుగురు ఇంటికి పోయి పండుకొనియుండినచో ఈ కథ మనకు తెలిసెడిది కాదు.”

మమ్ము కలతపెట్టునదియు ఇదియే. స్త్రీవిద్యకై పాటుపడిన పెద్ద అధ్యక్షత వహించిన సభలోనే ప్రక్కవాని భాషను వినుటకు ఓర్పు లేకపోయినది. ఒక విషయమున విశాలమైన మనస్సు మఱియొక విషయమున ఇఱుకై యుండవచ్చును. సంస్కారము ఒక గదిలో వెలిగించిన దీపము వంటిది. తక్కిన గదులకు దానిని చేతబట్టుకొని పోవలసినదే.

1933లో రెసిడెన్సీ బజారులు మరల నిజాము ప్రభుత్వమునకు దక్కినవి. సుల్తాన్ బజారు అను పేరు నిలిచినది. చాదర్‌ఘాటు పురపాలకసంఘము హైదరాబాదు పురపాలకసంఘముతో కలిసినదియు ఆ యేడే. 1948 సెప్టెంబరులో నిజాము రాజ్యము భారతదేశమున చేరెను. 1956 నవంబరు 1వ తేదీ మఱియు విచిత్రమైన దినము. హైదరాబాదు రాష్ట్రము మూడు పాళ్ళై, మరాఠీ జిల్లాలు బొంబాయితోను, కన్నడ జిల్లాలు మైసూరుతోను, తెలుగు జిల్లాలు ఆంధ్రతోను కలిసినవి. విభజనయు ఏకీకరణమును ఒక్క దినముననే జరిగినవి. తెలుగువారందఱు ఒక్క గొడుగు క్రిందికి వచ్చిరను సంతోషము ఒక ప్రక్కను, మా పాలు మాకు దక్కునా యను శంక మఱియొక ప్రక్కను ఉండెను. ఆ శంకను తీర్చుటకే పెద్దమనుష్యుల ఒప్పందము పుట్టినది. అది సరిగా నడవలేదను కోపముతో 1969లో విద్యార్థులు వీథుల కెక్కిరి. నీళ్ళు, నిధులు, కొలువులు ఆ కోపమునకు కారణములు. మాటతీరును వెక్కిరించుటయు అందొక పాలు. 2014 జూను 2న తెలంగాణము వేఱు రాష్ట్రమైనది.

కావున కలయికయే మంచిదనియు, విభజనమే మంచిదనియు ఒక్కమాటలో తేల్చువారితో మేము ఏకీభవింపజాలము. గౌరవము లేని కలయిక నిలువలేదు. అయితే వేఱుపడినంతనే గౌరవము దానంతట అది రాదు. శిక్షణాలయమున మా పిల్లను చూచి నవ్వినవారిలో మా జిల్లావారే కొందఱుండిరి. వారి యిండ్లలోను “వచ్చినం, పోయినం” అనియే మాటలాడుదురు. ఎదుటివాని గేలిని తప్పించుకొనుటకు తామే ముందుగా గేలి చేయుట వారు నేర్చిరి. రాష్ట్రపు ఎల్లలు మాఱినను ఈ గీత మాఱలేదు. ఇది శాసనసభలు గీచినది కాదు.

ఎండలో చౌరస్తా దాటి విశ్వవిద్యాలయము ద్వారముకడకు వచ్చితిమి. 1924లో నాంపల్లిలో మొదలైన స్త్రీల కళాశాల 1949లో ఈ రెసిడెన్సీకి తరలివచ్చినది. 2022లో విశ్వవిద్యాలయమై, 2024లో వీరనారి చాకలి ఐలమ్మ పేరు దాల్చినది. పాలకుర్తి ఐలమ్మ రజక కులమున పుట్టిన కౌలుదారు. విసునూరు దేశముఖు ఆమె భూమిని, పంటను లాగికొనజూడగా ఆంధ్రమహాసభ సంఘము నండగొని ఎదురునిలిచి పంటను దక్కించుకొన్నది. ఆంధ్ర జనసంఘము నాటిన విత్తనము ఎంత దూరము పోయి మొలచెనో చూడుడు: నాటకశాలలో వకీలు మాటను మూయించినారు, పల్లెలో చాకలి స్త్రీ మాటను దొర మూయింపలేకపోయెను. రెసిడెంటు దొరలు కట్టిన మేడకు నేడు ఆమె పేరు.

కార్యాలయమున ఒక పెద్దామె కాగితములు చూచుచుండెను. మా అమ్మాయి తల వంచుకొని నిలిచినది. మేము నోరు తెఱవబోయి, ఆమెయే చెప్పవలెనని ఊరకుంటిమి.

“ఏ ఊరు బిడ్డా?”

“తుర్కయాంజాల్ మేడం. పొద్దుగాల్ల బయలెల్లినం.”

“బస్సులు మంచిగున్నయా అటుదిక్కు?”

ఇంతే సంభాషణము. ఎవరును నవ్వలేదు. ఏ కోర్సులున్నవి, ఏ కాగితములు కావలెను, హాస్టలు మాట యేమి అని మా అమ్మాయి వరుసగా అడుగుచుండగా మేము ప్రక్కబల్లమీద కూర్చుంటిమి. ఆమె నోటివెంట అన్ని మాటలు ఒక్కపెట్టున విని చాలకాలమైనది.

ఆ రాత్రి మా తల్లిగారికి విశ్వవిద్యాలయము పేరు చెప్పగా ఆమె ఆశ్చర్యపడెను. “అంత పెద్ద బంగళకు చాకలామె పేరు పెట్టిండ్రా?” అని రెండుసార్లు అడిగి, “అయితె పోనీ. చీకటి పడకముందే ఇంట్ల ఉండాలె” అనెను. చీకటి మాట యింకను తేలలేదు. ప్రయోగశాల గల దినములలో ఆలస్యమగునని మనుమరాలును, ఆ దినములలో తండ్రి బస్సుస్టాపునకు ఎదురుపోవలెనని నాయనమ్మయు వాదించుకొనుచున్నారు. ఆ వాదము మాకు శుభముగానే తోచుచున్నది. ఏలయన ఇద్దఱును తమతమ మాటలను తాము పూర్తిగా చెప్పుచున్నారు.

మేము సంస్కృతాంగ్లములు చదివినవారము. వ్రాయునది ఈ గ్రంథభాష. బడిలో శుద్ధరూపములు నేర్పుట మా వృత్తిధర్మము, దానిని విడువము. కాని ఇంటిమాటను సిగ్గుపఱచి నేర్పిన శుద్ధరూపము పిల్లలను మూగలను చేయును. చదువరులలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు పలువురుందురు. వారికి మా విన్నపము ఒక్కటే. పిల్ల తన యింటిమాటతో ప్రశ్న అడిగినప్పుడు మొదట ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుడు. తరగతిలో ఎవరైన నవ్వినచో పాఠమును అచటనే ఆపి, 1921లో కోఠీ సమీపమున జరిగిన సభను గూర్చి చెప్పుడు. దానికి పది నిమిషములు పట్టును.