తాళంచెవి ఎవరి చేతిలో?

1851 వేసవిలో లండను నగరం ఒక అమెరికన్ చేతినేర్పును గురించి విడ్డూరంగా చెప్పుకున్నది. మహాప్రదర్శన సందర్భంగా న్యూయార్కు నుంచి వచ్చిన ఆ తాళాల నిపుణుడి పేరు ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్. దొంగలకు దుర్భేద్యమని పేరుపడిన చబ్ తాళాన్ని అతడు 25 నిమిషాలలో తెరిచాడు. ఆ తరువాత పికడిల్లీలోని బ్రామా దుకాణపు తాళం వంతు వచ్చింది. దానిని తెరవగల సాధనాన్ని తయారుచేసినవారికి 200 గినీలు ఇస్తామన్న ప్రకటన దశాబ్దాలుగా ఆ దుకాణం కిటికీలో ఉండేది. 16 రోజుల వ్యవధిలో 51 గంటలు శ్రమించి హాబ్స్ దానినీ తెరిచాడు, బహుమానం అందుకున్నాడు.

ఆ సంవత్సరమే బ్రిటిష్ పార్లమెంటు ఒక నేరనివారణ చట్టం చేసింది. రాత్రివేళ దొంగతాళంచెవి, గునపం లేదా ఇళ్ళకు కన్నంవేసే మరే పనిముట్టయినా దగ్గర ఉంచుకొని పట్టుబడినవాడు అందుకు తగిన కారణం చూపలేకపోతే శిక్షార్హుడు. ఆ కారణాన్ని రుజువు చేసుకోవలసిన భారం కూడా అతనిదే. హాబ్స్‌కు కీర్తి తెచ్చిన ఉక్కు కొక్కెం వంటిదే మరొకనికి కారాగార ద్వారం తెరిచేది.

ఈ చట్టాన్ని అర్థరహితమని తోసిపుచ్చలేము. గోడకు కన్నం పడేదాకా పోలీసులు చేతులు ముడుచుకొని కూర్చోవాలని ఏ గృహస్థూ కోరడు. అయితే పనిముట్టు తన యజమాని ఉద్దేశాన్ని చెప్పదు. వడ్రంగి ఉలి, కమ్మరి ఆకురాయి, తాళాలు బాగుచేసేవాని కడ్డీలు — వీటిలో దొంగకు పనికిరానిది ఏది?

బ్రిటిష్ పాలకులు ఈ సూత్రాన్ని భారతదేశంలోనూ ప్రవేశపెట్టారు. కన్నపు పనిముట్టుతో కనిపించి, తగిన కారణం చూపలేనివానిని వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చునని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పేర్కొన్నది. నిరూపణ భారం ఇక్కడ కూడా పట్టుబడినవానిదే. పెద్ద దుకాణదారుకు రసీదులుంటాయి, సాక్ష్యం చెప్పే ఖాతాదారులుంటారు. ఎవరో పిలిస్తే రాత్రిపూట తాళం తీయడానికి వెళ్ళి వచ్చే వీధి పనివానికి తన నోటిమాట తప్ప మరే ఆధారముంటుంది?

నోటిమాటకు విలువే లేనివారు కూడా ఉండేవారు. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే అనుమానితులను చేసింది. 1911లో దానిని మద్రాసు రాజధానికి విస్తరించారు. గుంటూరు ప్రాంతపు స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో ఎరుకల కుటుంబాలను ఉంచినది ఆ చట్టం కిందనే. బుట్టలల్లడం ఎరుకల కులవృత్తి. వెదురు చీల్చే కత్తి తన జీవనాధారమని అటువంటివాడు చెబితే నమ్మేవారెవరు? ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ ముద్ర మాత్రం అంత తొందరగా చెరగలేదు.

విచిత్రమేమిటంటే, ఇంగ్లండు ఈ భారాన్ని తానే సడలించింది. 1968 నాటి దొంగతనాల చట్టం ప్రకారం, ఇంటి వెలుపల పట్టుబడిన వస్తువు దొంగతనం కోసమేనని ప్రాసిక్యూషనే నిరూపించాలి. అందుకోసమే ప్రత్యేకంగా తయారుచేసిన వస్తువైతే అదే ఒక సాక్ష్యమవుతుంది. గరిష్ఠ శిక్ష మూడేళ్ళు. స్వతంత్ర భారతం మాత్రం 1973 నాటి కొత్త కోడ్‌లోనూ పాత మాటలనే నిలుపుకున్నది. 2010 నవంబరులో అమలులోకి వచ్చిన సవరణతో అవి తొలగిపోయాయి. అయినా పూర్తిగా కనుమరుగు కాలేదు: సూర్యాస్తమయ సూర్యోదయాల మధ్య అనుమానాస్పదంగా కన్నపు పనిముట్టుతో దొరికినవానిని శిక్షించే నిబంధన మహారాష్ట్ర పోలీసు చట్టంలో 122వ సెక్షనుగా ఉన్నది.

తాళంచెవి పోగొట్టుకొని గడపముందు నిలబడ్డ గృహస్థు, అర్ధరాత్రి పనివానికోసం కబురు పంపుతాడు. తలుపు తెరుచుకోగానే కూలి చేతిలో పెట్టి లోపలికి వెళ్ళి గడియ వేసుకుంటాడు. పనివాడు సంచి భుజాన వేసుకొని చీకటిలో నడుస్తాడు. ఆ సమయంలో అతని సంచిలో ఏమున్నదని అడగటం న్యాయమే. అతడు చెప్పిన జవాబును, అబద్ధమని తేలేదాకా, నిజమని నమ్మటం అంతకంటె పెద్ద న్యాయం.