ఇచ్చినోళ్లం

"మీ బంధువుల్లో ఎవరైనా ఇదివరకు దత్తత తీసుకున్నారా అండి?" అని అడిగింది ఇంటి పరిశీలనకొచ్చిన సోషల్ వర్కరు. నాకంటే పదేళ్లయినా చిన్నదై ఉంటుంది. ఒళ్లో అట్ట పెట్టుకుని దానిమీద ఫారం నింపుకుంటోంది. లేదండీ అని చెప్పబోయేను. ఈలోపు వంటింటి గుమ్మంలో నిలబడున్న మా పిన్ని అంది.

"తీసుకోలేదమ్మా. ఇచ్చేం."

ఆ పిల్ల చేతిలో పెన్ను ఆగిపోయింది. ఇచ్చినోళ్లకి ఆ ఫారంలో గడి లేదు.

ఇది 2019లో సంగతి. నేను కోనసీమలో ఒక మండల పరిషత్ స్కూల్లో టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషిని. నాన్న కొబ్బరి దింపుకి పోయేవాడు. అమ్మ సార్వాకీ దాళవాకీ ఊడ్పులకి వంగేది. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో పురుగులన్నం తిని, రాజమండ్రిలో డిగ్రీ చేసి, బీఈడీ చేసి, డీఎస్సీ కొట్టేను. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదో చెప్పాలంటే అదో పెద్ద పురాణం, ఇక్కడొద్దు. ముప్పై రెండో ఏట నాకొక బిడ్డ కావాలనిపించి, కేంద్ర దత్తత సంస్థ కారా వాళ్ల పోర్టల్లో పేరు నమోదు చేసుకున్నాను. జీతం కాగితం, డాక్టరు కాగితం, నా గురించి మంచి చెప్పే ఇద్దరి కాగితాలు, ఇంటి పరిశీలనకి 6,000 రూపాయలు. అంతవరకూ బాగానే ఉంది. మా పిన్ని నోరు విప్పేకే అసలు సంగతి బయటకొచ్చింది.

పిన్ని మూడో కూతురి సంగతి రాయకుండా నా సంగతి రాయలేను.

1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి నాకు తొమ్మిదేళ్లు. మా పేట మొత్తం స్కూలు బిల్డింగులో ఉన్నాం. గాలి అరుపుకి పక్కవాడు చెప్పేది పక్కవాడికి వినబళ్లేదు. మా చిన్నాన్న మాత్రం రాలేదు. కామందుగారి దొడ్లో పశువుల్ని విప్పొస్తానని వెళ్లేడు. పశువుల్ని విప్పేడు, అవి బతికేయి. గోడ మీద పడి ఆయన పోయేడు. ఆ తుఫానుకి వెయ్యిమందికి పైగా పోయేరు. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లు నడుముకి విరిగి, మొవ్వులు ఊడి, తోటలన్నీ తలకాయల్లేని మనుషుల్లా ఉన్నాయి. తర్వాత పడిన చెట్టుకింత అని చెట్టున్నవాళ్లకి లెక్క రాసేరు. చెట్టెక్కి బతికేవాడి కోసం రాసే కాగితం మా పేటకి రాలేదు. మొక్క పాతితే కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు. అన్నాళ్లూ దింపు లేదు, ఒలుపు లేదు, కూలి లేదు.

అప్పటికి పిన్ని ఆరోనెల మనిషి. ఫిబ్రవరిలో ఆడపిల్ల పుట్టింది. అంతకుముందే ఇద్దరు ఆడపిల్లలు. పాలు పడలేదు. గంజి తాగేవాళ్లకి పాలెక్కణ్ణుంచి పడతాయి. తుఫాను సాయం కింద పాలపొడీ బట్టలూ పంచిన ఒక హోమ్‌ వాళ్లు పిల్లని పెంచుతామన్నారు. "రెండేళ్లు మీ దగ్గరుంచండి, కాలూ చెయ్యీ కూడదీసుకున్నాక అట్టుకెల్తాను" అని పిన్ని అంది. వాళ్లు తల ఊపేరు. ఊపేరని పిన్ని ఈరోజుకీ అంటది. మా వాళ్లకి అది వింత కాదు. మా పేట పిల్లలందరం హాస్టళ్లలో పెరిగినవాళ్లమే. పిల్లని ఒకచోట పెట్టి, సెలవులకి తెచ్చుకోవడం మాకు తెలిసిన పద్ధతి.

కాగితం మీద వేలెయ్యడానికి వెళ్లినప్పుడు పిన్ని నన్ను తోడు తీసుకెళ్లింది. ఎందుకంటే నేను చదువుకుంటున్నాను. "మా అక్క కూతురండి, సదివి సెప్తాది" అంది గొప్పగా. కాగితం మిషను మీద కొట్టిన ఇంగ్లీషు. నాకొచ్చింది పెద్ద ఏబీసీడీలు. ఆ కాగితంలో పిన్ని పేరు పెద్దక్షరాల్లో ఉంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేను. నాకు మహా సంబరమైపోయింది.

"నీ పేరే ఉంది పిన్నీ."

"నా పేరేనా? అయితే సరే" అని వేలేసింది. అంటిన సిరా తలకి రాసుకుంది. నాకు బిస్కట్ల పొట్లం ఇచ్చేరు. దారిలో పంటు మీద కూర్చుని తినేశాను. పిన్నికి ఒకటి ఇవ్వబోతే వద్దంది.

1999లో తీసుకొద్దామని వెళ్తే పిల్ల లేదు. స్వీడన్ అనే దేశం వెళ్లిందన్నారు. పెళ్లి కాని దొరసాని పెంచుకోడానికి తీసుకెళ్లిందన్నారు. నువ్వే కదమ్మా వేలేసేవు అన్నారు. పిన్ని ఇంటికొచ్చి ఏడ్చిన ఏడుపు నేను రాయను. ఒక మాట మాత్రం గుర్తుంది.

"మొగుడు లేదంటన్నారే. ఒక్కత్తీ ఎలాగ పెంచుతాదే పిల్లని?" అంది.

"నువ్వూ ఒక్కత్తివే కదే" అంది మా అమ్మ.

"అందుకే కదే ఇచ్చేను" అంది పిన్ని.

ఒకసారి ఫొటో వచ్చింది. మంచు. ఎర్ర టోపీ పెట్టుకున్న నల్లపిల్ల, పక్కన పొడుగాటి తెల్లావిడ నవ్వుతూ. వెనకాల ఏమీ రాసిలేదు. పిన్ని దాన్ని బైబిల్లో పెట్టుకుంది. 2001లో పిన్ని కువైట్ వెళ్లింది, ఇద్దరు కూతుళ్లనీ మా అమ్మకప్పజెప్పి. ఎనిమిదేళ్లు అరబ్బుల పిల్లలిద్దర్ని ఎత్తి పెంచింది. వాళ్లకి నీళ్లు పోసింది, నిద్రపుచ్చింది, అరబ్బీలో లాలిపాట కూడా నేర్చుకుంది. మా గోదావరి జిల్లాల పేటల్లో ఇలాంటి తల్లులు వీధికి నలుగురుంటారు. మన పిల్లల్ని మనం పెంచుకోలేకపోతే వదిలేసినవాళ్లమవుతాం. ఇంకోళ్ల పిల్లల్ని పెంచితే పనిమనుషులమవుతాం.

టీచరయ్యేక చట్టాలు చదివేను. ఎందుకు చదివేనో మీకు చెప్పక్కర్లేదు. విదేశాలకి పిల్లల్ని పంపడంలో జరిగే అన్యాయాల మీద లక్ష్మీకాంత్ పాండే అనే వకీలు ఉత్తరం రాస్తే, దాన్నే పిటిషనుగా తీసుకుని 1984లో సుప్రీంకోర్టులో జస్టిస్ భగవతి తీర్పిచ్చేరు. ముందు దేశంలోవాళ్లకి, తర్వాతే పైదేశాలకి అన్నారు. బిడ్డ పరాయిదేశం పోవచ్చన్న సంగతి కన్నతల్లికి తెలియజెప్పాలన్నారు. ఆ తీర్పొచ్చిన పదమూడేళ్లకి మా పిన్ని వేలేసింది. ఆమెకి తెలియజెప్పింది ఎవరయ్యా అంటే, నేను. ఐదో తరగతి.

ఇంకో సంగతి కూడా తెలిసింది. అప్పట్లో పైదేశంవాళ్లు మన కోర్టులో దత్తత తీసుకునేవారు కాదు. 1956 దత్తత చట్టం హిందువులకే. మిగతావాళ్లకి 1890 నాటి గార్డియన్ చట్టం కింద సంరక్షకులయ్యే వీలే ఉండేది. అలా తీసుకెళ్లి వాళ్ల దేశంలో దత్తత చేసుకునేవారు. ఆ లెక్కన ఆదివారం చర్చికెళ్లే మా పేటవాళ్లకీ ఆ దొరసానికీ ఒకటే చట్టం! కాకపోతే మేం కాగితం మీద హిందువులం. ఎందుకో చదివేవాళ్లకి తెలుసు. 2000లో వచ్చి, 2006లో సవరించిన బాలల న్యాయ చట్టంతో ఆ మతం గోడ పడిపోయింది.

1999లోనూ 2001లోనూ హైదరాబాదులో దత్తత సంస్థల గుట్టు రట్టయింది. నల్గొండ లంబాడీ తండాల్లో పసిపిల్లల్ని కొని పైదేశాలకి పంపుతున్నారని పేపర్లన్నీ రాసేయి. మా పిన్నిది ఆ కేసు కాదు. డబ్బు ముట్టలేదు. ఒక బస్తా బియ్యం ఇచ్చేరు. అది తుఫాను సాయమో ఇంకోటో ఇప్పటికీ మాకు తెలీదు. పిన్ని మాత్రం ఆ బియ్యం సంగతి ఎవరి దగ్గరా ఎత్తదు. ఇక్కడ రాస్తున్నానని చెప్తే కాసేపు ఊరుకుని, "రాయి" అంది.

"అక్కడ బాగుండుంటుంది కదండీ, ఇక్కడుంటే ఏమయ్యేది?" అంటారు తెలిసినవాళ్లు. నిజమే, ఆ పిల్ల అక్కలిద్దరూ రొయ్యల ఫ్యాక్టరీలో ఐసుగడ్డల్లో చేతులు పెట్టి తలలు తీస్తున్నారు. అయినా ఆ మాటంటే నాకు ఒళ్లు మండుతుంది. బాగుంటదని చెప్పి, చెప్పకుండా తీసుకుపోవచ్చా? చాన్నాళ్లు ఆ దొరసాని మీద కూడా కోపంగా ఉండేది. నేను కూడా పెళ్లికాని ఆడదాన్నై, వరసలో నిలబడి, ఫోను మోగితే ఉలిక్కిపడే రోజులొచ్చేక ఆ కోపం సరిగా నిలబడట్లేదు. ఆవిడ ముందు కూడా ఎవరో అట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చునుంటారు. ఆవిడ చేతికి కూడా శుభ్రమైన కాగితాలే ఇచ్చుంటారు.

నా మొదటి ఇంటి పరిశీలనకి మూడేళ్ల గడువు తీరిపోయింది. 2023లో రెండోది చేసేరు. ఈసారి కాగితం నెత్తిమీద డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని ఉంది. 2022 మే 24న ఆ పేరొద్దని అమలాపురంలో ఇళ్లు తగలబెట్టిన రోజు నేను స్కూలు రికార్డులు పట్టుకుని మా అన్నయ్యగారింట్లో తలుపులేసుకుని కూర్చున్నాను. ఆ పేరున్న కాగితం మీద నాకు బిడ్డనివ్వొచ్చని రాసేరు. జిరాక్సు తీయించుకుని దాచుకున్నాను.

2024లో ఫోన్లో ఫొటో వచ్చింది. రెండేళ్లు దాటిన పిల్ల. 48 గంటల్లో అవునో కాదో చెప్పాలి. స్టాఫ్ రూములో చూపించేను, తప్పు నాదే. "ఏ కులం పిల్లో తెలీకుండా ఎలా తెచ్చుకుంటారండీ?" అన్నారొకరు. ఇంకొకరు ఫొటో దగ్గరగా పెట్టుకుని, "పచ్చగా ఉంది, మంచి కులందే అయ్యుంటుంది, మీ అదృష్టం" అన్నారు. మా ఇంట్లోకి మంచి కులం రావడం నా అదృష్టమట. ఆవిడ మనసులో ఏ చెడూ లేదు, నిజంగానే సంతోషించింది. ఏం చెయ్యను?

నాకు కులం కాదు, కాగితం కావాల్సొచ్చింది. రిపోర్టులో తల్లి అప్పజెప్పిందని ఉంది. ఇప్పుడు చట్టం అప్పజెప్పిన తల్లికి మనసు మార్చుకోడానికి 60 రోజులిస్తుంది. శిశుగృహకి ఫోన్ చేసి అడిగేను. ఆ అరవై రోజుల సంగతి ఆమెకి తెలుగులో చదివి చెప్పేరా? సంతకం పెట్టిందా, వేలేసిందా?

"మీకెందుకండీ అవన్నీ? పద్ధతి ప్రకారమే జరిగింది" అన్నారు. తల్లి వివరాలు చెప్పకూడదన్నారు. అదీ చట్టమే, నాకు తెలుసు. ఆమెకోసమే పెట్టిన చట్టం.

రెండు రాత్రులు నిద్రలేదు. 40 గంటలు గడిచేక పిన్ని అడిగింది. "నువ్వొద్దంటే ఆ పిల్ల ఆళ్లమ్మ దగ్గరికెల్తాదా?"

"వెళ్లదు. ఇంకొకరికి చూపిస్తారు. వరసగా అందరూ కాదంటూ పోతే పైదేశంవాళ్లకి చూపిస్తారు."

"మరింకేటే!" అంది. అవునని నొక్కేను.

కలెక్టరాఫీసులో ఆర్డరు చేతికొచ్చిన రోజు గుమస్తా "ఇక్కడొకటి, ఇక్కడొకటి" అని వేలు పెట్టి చూపించేడు. నేను కుర్చీ లాక్కుని మొదటి పేజీ నుంచి చదివేను. వెనకాల జనం విసుక్కున్నారు. పిన్ని పిల్లనెత్తుకుని గోడకానుకుని నిలబడింది, తొందరపెట్టలేదు.

2025 జూన్‌లో స్వీడన్‌లో ప్రభుత్వం వేసిన కమిషను, పైదేశాల నుంచి పిల్లల్ని తెచ్చుకోవడం ఆపెయ్యాలని సిఫారసు చేసిందని పేపర్లో చూసి పిన్నికి చెప్పేను. ఏళ్ల తరబడి తప్పుడు పద్ధతుల్లో పిల్లలొచ్చేరని తేలిందట. నెదర్లాండ్సువాళ్లు 2021లోనే ఆపేరని కూడా చెప్పేను. "ఇప్పుడాపేరా?" అని కూరలో ఉప్పు చూసుకుంది. పెద్దయిన పిల్లలు వేర్లు వెతుక్కోడానికి మన రూల్సులో దారుంది. కన్నతల్లి వెతుక్కోడానికి అలాంటి వరసేదీ నాకు కనబళ్లేదు. చెల్లికిప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. అది వెతకాలి. వెతకాలనిపించాలి.

ఈమధ్య శిశుగృహకి వెళ్లాల్సొస్తే పిన్ని ఒక పని చేయించింది. గౌను వేసిన పిల్ల ఫొటో కడిగించమంది. వెనకాల రాయమంది. ఏం రాయను అంటే తనే చెప్పింది. "అన్నం తింటంది. మాటలొచ్చేయి. రాత్రులు ఏడవట్లేదు." అంతే రాయమంది, నా పేరూ ఊరూ వద్దంది.

అక్కడి మేడంగారు అలా పంపే పద్ధతి లేదన్నారు. "పంపొద్దండి, ఫైల్లో పెట్టండి. ఎప్పుడైనా ఆవిడొచ్చి అడిగితే చూపించండి" అంది పిన్ని. మేడంగారు ఫొటో వెనక్కి తిప్పి చదివేరు. బల్లమీద కాగితాల కింద పెట్టేరు. మేం బయటికొచ్చేసేం. ఫైల్లో పెట్టేరో లేదో.