జూన్ వెయ్యి, మార్చి వెయ్యి

ఆర్మూర్‌లో ఎరువుల దుకాణం పెట్టుకున్నవాడికి జూన్ నెలలో గల్లాపెట్టెలో కనిపించే రూపాయి తనది కాదు. పసుపు పెట్టేది అప్పుడే. యూరియా, డీఏపీ దింపుకోవాలి, రైతులకు ఉద్దెర ఇవ్వాలి. తొమ్మిది నెలల పంట అది. తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి, పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకు తోలితే తప్ప మా బాకీలు తిరిగిరావు. 2025 జూన్ చివర్లో, నిజామాబాద్‌లో పసుపు బోర్డు కార్యాలయం ప్రారంభమైన ఆ రోజుల్లోనే, మా దుకాణం డెస్క్‌టాప్ లేవనని మొండికేసింది.

2014లో కొన్నది. కొంతకాలంగా పొద్దున బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు, నాలుగైదుసార్లు నొక్కితే లేచేది. తారీఖు కూడా వెనక్కి పోయేది, బిల్లు మీద ఎప్పటిదో జనవరి పడేది. చాలామంది ఈ రెంటినీ ఒకే రోగం అనుకుంటారు. తారీఖు పోవడం మదర్‌బోర్డు మీది బిళ్ల సెల్ అయిపోయినందుకు, దాని ధర నలభై రూపాయలు. పొద్దున లేవకపోవడానికి ముందుగా అనుమానించాల్సింది బోర్డుకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌ను. అందులోని కెపాసిటర్లు ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. రేకుల కప్పు, మే నెల ఎండ, ఫ్యాన్ రెక్కలకు పట్టిన దుమ్ము, ఇంతకాలం బతకడమే ఎక్కువ.

మెకానిక్ వచ్చి, డబ్బా విప్పకుండానే, "అన్నా, బోర్డు పోయినట్టుంది. దీనికి పైసలు పెట్టుడు దండగ, కొత్తది తీస్కో" అన్నాడు. కొత్తది నలభై వేలు.

"ముందు డిస్క్ తీసియ్యి తమ్మీ" అన్నాను. యంత్రం విలువ ఎంతైనా కానీ, అందులోని ఉద్దెర ఖాతాలు లక్షల్లో ఉంటాయి. డిస్క్‌ను యూఎస్‌బీ డబ్బాలో పెట్టి మా అబ్బాయి ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే అన్నీ కనిపించాయి. కాపీ చేసుకున్నాక గుండె కుదుటపడింది. తొందరలో చేసే ఖర్చుకు భయమే సగం కారణం. అది పోయాక తీరిగ్గా కాగితం మీద లెక్క వేశాను.

బ్యాంకు క్యాష్ క్రెడిట్ లిమిట్ అప్పటికే నిండిపోయింది. నలభై వేలు కంప్యూటర్‌కు పెడితే ఆ మేరకు సరుకుకు బయట అప్పు తేవాలి, నూటికి రెండు రూపాయల వడ్డీకి. నెలకు ఎనిమిది వందలు. బాకీలు వసూలయ్యే మార్చి దాకా తొమ్మిది నెలలకు 7,200. అంటే ఈ పాతదాన్ని మార్చి వరకు నడిపించగలిగితే ఆ పని నాకు ఏడు వేల పైచిలుకు విలువైనది. కానీ రిపేరు చేసింది నడుమ మళ్లీ ఆగిపోవచ్చు. అందుకని హద్దును సగానికి తగ్గించి 3,500 అనుకున్నాను. బోర్డే పోయిందని తేలితే ఒక్క రూపాయి కూడా పెట్టనని మెకానిక్‌కు ముందే చెప్పాను.

అప్పుడు పరీక్ష మొదలుపెట్టాడు. ఎస్‌ఎంపీఎస్ ప్లగ్‌ను బోర్డు నుంచి పీకి, పచ్చ తీగను నల్ల తీగకు కలిపాడు. ఫ్యాన్ ఒకసారి కదిలి ఆగింది. నిజానికి ఫ్యాన్ తిరిగినా ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టు కాదు, లోడు పడ్డాకే అసలు సంగతి తెలుస్తుంది. తిరగకపోతే మాత్రం అనుమానం గట్టిదే. తన దుకాణంలోని వేరొకటి తగిలించగానే మెషీన్ లేచింది, కానీ తెర నల్లగానే ఉండి బీప్ బీప్ మంది. ర్యామ్ తీసి, దాని బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెడితే తెర వెలిగింది. కొత్త ఎస్‌ఎంపీఎస్ 1,300, సెల్ 40, కూలి 300. మొత్తం 1,640.

కొత్తది కొంటే పన్నులో కలిసొస్తుందని ఒక మిత్రుడు అన్నాడు. కంప్యూటర్‌కు ఏడాదికి 40 శాతం తరుగుదల ఇస్తారు, నిజమే. కానీ నాలాగా అప్పటి ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీ కింద అంచనా లాభం చూపించేవాళ్లకు ఆ తరుగుదల అందులోనే కలిసిపోయినట్టు లెక్క, విడిగా రాదు. 18 శాతం జీఎస్టీ క్రెడిట్ మాత్రం మామూలు రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు వస్తుంది, కాంపోజిషన్ పథకంలో ఉన్న నాకు రాదు. పక్క దుకాణానికి లాభమైన సలహా మనకూ లాభమవుతుందని లేదు.

ఈ మెషీన్‌కు ఎలాగూ చాలా కాలం లేదని తెలుసు. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోతాయని మైక్రోసాఫ్ట్ ముందే ప్రకటించింది. 2014 నాటి ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు. అక్టోబర్ తర్వాత దానికి ఇంటర్నెట్ తీసేసి, బిల్లులకు మాత్రమే వాడాను. బ్యాంకు పనులు ఫోన్‌లో చేసుకున్నాను.

మార్చిలో బాకీలు వచ్చాక కొత్తది కొన్నాను. ఈలోగా ప్రపంచమంతటా మెమరీ చిప్‌ల ధరలు ఎగబాకాయి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్లనట. అదే రకం మెషీన్‌కు 3,500 ఎక్కువ పెట్టాల్సి వచ్చింది. వడ్డీ మిగులు 7,200లో రిపేరు 1,640, ఈ 3,500 పోను 2,060 మిగిలింది. పాత డబ్బా నుంచి తొమ్మిది నెలలే వాడిన ఎస్‌ఎంపీఎస్‌ను మెకానిక్ అడిగాడు. నేను అయిదు వందలు అంటే అతను నాలుగు వందలకు అడిగాడు. ఇచ్చేశాను.