మామిడి బండిలో పచ్చ లైటు లెక్క

మే నెలలో నూజివీడు తోటల్లో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. కోసిన బంగినపల్లి కాయల తొడిమ విరిచి, సొన కారేదాకా బోర్లించి, ఆ తర్వాతే ట్రేలకు ఎత్తుతున్నారు. సొన తొక్క మీద పడితే మచ్చ, మచ్చ పడితే ధర పోయినట్టే. బండి నడిపే పెద్దాయన ట్రేల అడుగున వరిగడ్డి సర్దుతూ, "సడన్ బ్రేకు కొడితే అప్పుడేమీ తెలీదు సార్. రెండ్రోజులు పోయాక కమిలిన కాయ బయటపడుద్ది" అన్నాడు.

ఆ బ్రేకు కోసమే నేను బండెక్కాను. సిగ్నల్ ఎప్పుడు మారుతుందో బండికి ముందే తెలిపి, ఏ వేగంతో వెళ్తే ఆగకుండా దాటొచ్చో డ్రైవరుకు తెర మీద చెప్పే ఏర్పాటు కొన్ని దేశాల్లో వచ్చేసింది. ఆడి కంపెనీ 2019లో అమెరికాలోనూ, జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లోనూ దీన్ని కార్లలో పెట్టింది. లెక్క తేలికే: సిగ్నల్ అర కిలోమీటరు దూరంలో ఉండి, పచ్చ పడటానికి 45 సెకన్లుంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగం చాలు.

ఆగిరిపల్లి, నున్న దాటి బెజవాడలోకి వచ్చాం. ముందు సిగ్నల్ మీద ఎర్ర అంకె 38. పెద్దాయన యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు. ఆయనకు ఏ తెరా చెప్పలేదు! సరిగ్గా పచ్చ పడేసరికి చేరాం. అయినా బ్రేకు తప్పలేదు. ముందున్న ఆటోలు, బైకులు ఇంకా కదల్లేదు. మేం నెమ్మదించగానే పక్క నుంచి దూరిన రెండు బైకులు మా ముందే చేరాయి. వెనక సిటీ బస్సు హారన్ ఆపలేదు.

"నన్ను 40లో పొమ్మంటారు సరే, ఆ బస్సాయనకు ఎవరు చెప్తారండీ?"

అసలు ప్రశ్న అదే. సలహా అందుకున్న కారు డీజిల్ ఎంత మిగిల్చిందో మాత్రమే కొలిస్తే ఈ విద్య సులువుగా పాసైపోతుంది. ముందున్న క్యూ తోక ఎక్కడుందో, వెనకవాళ్లు ఎన్నిసార్లు ఆగారో కూడా లెక్కలోకి రావాలి. ట్రాఫిక్‌ను బట్టి పచ్చను పెంచి తగ్గించే సిగ్నలైతే ముందు చెప్పిన సమయమే తప్పిపోతుంది. పాత పద్ధతిలో నిర్ణీత సెకన్లకు మారే సిగ్నలే దీనికి నయం.

సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ వాళ్ల టీహాన్ ప్రాంగణం 2022 జులైలో మొదలైంది. డ్రైవరు లేని వాహనాలను అక్కడి ట్రాకుల మీద పరీక్షిస్తారు. ఇలాంటి సలహా తెరకు కూడా మొదటి పరీక్ష అలాంటి చోటే పెట్టాలి. రెండోది మాత్రం మామిడి సీజన్‌లో, ఇదే రోడ్డు మీద, ఉదయం రద్దీలో జరగాలి. ఒక రోజు తెర వెలిగించి, మర్నాడు అదే వేళకు ఆర్పేసి, రెండు రోజులూ బస్సులనూ బైకులనూ కలిపి లెక్కపెట్టాలి.