చేతికొక కీబోర్డు

కనిగిరిలో విద్యార్థులమైన మేము రెండు భాగాలుగా విడివడే వైర్‌లెస్ కీబోర్డును నిర్మింప తలపెట్టాము. ఈ సంచికకు తెలుగు, ఉర్దూ వ్యాసాలను టైపు చేస్తున్న మా సహాధ్యాయిని మణికట్టు నొప్పితో బాధపడటమే అందుకు కారణం.

1986లో రూపొందిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు ఎడమచేతికి, హల్లులలో అధికభాగం కుడిచేతికి వస్తాయి. కనుక తెలుగుకు ఈ విభజన సహజమని తోచింది. ప్రతి మీట క్రింద ఒక మెకానికల్ స్విచ్చును, ప్రతి భాగంలో ఒక బ్యాటరీని, బ్లూటూత్ చిప్పును అమర్చాము. భాగాలను భుజాల వెడల్పున ఉంచితే మణికట్లు ప్రక్కకు వంగనవసరం లేదు.

తీరా చూస్తే, ఆమె చిటికెనవేలు ఔకారపు మీటను అందుకోలేకపోయింది! మేము కొలిచినది మా చేతులనే. సిగ్గుపడి, ఆమె అరచేతి ఆకృతిని కాగితంపై గీయించుకొని, వేళ్ల పొడవును బట్టి మీటల వరుసలను మార్చాము. ఈ వ్యాసాన్ని ఆమె దానిపైనే టైపు చేసింది.

పనిముట్టు చేతికి ఒదగాలి. చేయి పనిముట్టుకు కాదు.