ఆ తల్లి అడిగిన ప్రశ్న



పోయిన నెల మన సంఘములోని ఒక తల్లి కుమారుణ్ణి పోగొట్టుకుంది. ముప్పై యేళ్ళవాడు. చిన్నప్పుడు సండే స్కూలుకు వచ్చేవాడు, తరువాత మానేశాడు, త్రాగుడులో పడ్డాడు. ఆదరణ కూడిక ముగిసి అందరూ లేచి వెళ్తుంటే ఆమె మమ్మల్ని ఆపింది. "అయ్యగారండీ, మావాడు ఎప్పటికీ అలా కాలతానే ఉంటాడా? మీరే చెప్పారు గదండీ" అంది.

చెప్పినది మేమే. పోయిన ఏడాది ఉజ్జీవ సభలలో ధనవంతుడు, లాజరు భాగము తీసుకొని, మైకులో గొంతు పెంచి నరకమును గూర్చి చెప్పాము. ఆ రాత్రి చాలామంది ఏడ్చారు. సభలు బాగా జరిగాయని మేము సంతోషముగా ఇంటికి వెళ్ళాము.

ఈమె ప్రశ్న విన్నాక ఆ ప్రసంగపు నోట్సు తీసి చూసుకున్నాము. సిగ్గేసింది. లూకా 16లో ధనవంతుడు ఉన్నది పాతాళములో, అంటే మృతుల లోకములో. ప్రకటన 20వ అధ్యాయము ప్రకారము, మరణముతోపాటు ఆ మృతుల లోకము కూడా చివరకు అగ్నిగుండములో పడవేయబడుతుంది. అంటే అంత్యతీర్పుకు ముందు సంగతిని మేము నిత్య నరకముగా వర్ణించాము. పైగా ఆ వర్ణనలో సగము వాక్యములోనిది కాదు. మన ఊళ్ళలో నరకము అనగానే సలసల కాగే నూనె, యమభటులు కళ్ళముందుకు వస్తారు. అవి పురాణాల నుండీ యముడి సినిమాల నుండీ వచ్చినవే. పురాణాలలోని నరకానికైనా ముగింపు ఉంది, పాపఫలము అనుభవించాక మళ్ళీ పుట్టుక ఉంటుంది. మేము బొమ్మలు అక్కడ తీసుకొని, కాలము మాత్రము నిత్యము చేసి చెప్పాము.

మన బైబిలులో నరకము అని ఉన్న చోట్ల ప్రభువు పలికిన మాట ఎక్కువగా గెహెన్నా. అది యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ. ఆహాజు, మనష్షే దినములలో కన్నపిల్లలను అగ్నికి అర్పించిన చోటు అది. యోషీయా దానిని అపవిత్రపరచాడు, యిర్మీయా దాని మీద తీర్పు ప్రకటించాడు. ప్రభువు తీర్పును గూర్చి చెప్పుటకు ఆ లోయ పేరే వాడాడు. పిల్లలను పోగొట్టుకున్న తల్లుల లోయ అది అని ఈ మధ్యనే మాకు తట్టింది.

సెమినరీలో ఈ అంశము ఒక్క పీరియడులో అయిపోయింది. నిత్య శిక్షను ఒప్పుకోనివాడు దుర్బోధకుడు అని వ్రాసి పరీక్ష పాసయ్యాము. తరువాత తెలిసింది జాన్ స్టాట్ సంగతి. 1974లో లొసాన్ ఒడంబడికను రూపొందించిన కమిటీకి పెద్ద ఆయన. వాక్యము మీద ఆయనకున్న భక్తిని ఎవరూ శంకించరు. అటువంటివాడు 1988లో డేవిడ్ ఎడ్వర్డ్స్‌తో కలిసి వెలువరించిన పుస్తకములో, దుష్టులు చివరకు పూర్తిగా నశిస్తారన్న అభిప్రాయానికీ వాక్యములో ఆధారమున్నదని జంకుతూనే వ్రాశాడు. అంతకు ముందు 1853లో ఎఫ్.డి. మారిస్ అనే ఆయన, నిత్యము అనే మాటకు అంతులేని కాలము అని మాత్రమే అర్థమా అని ప్రశ్నించి, లండన్ కింగ్స్ కాలేజీలో తన పదవినే పోగొట్టుకున్నాడు.

మాతో చదివిన ఒక సేవకుడు నాశనము వైపే ఉన్నాడు. మత్తయి 10:28లో ఆత్మను, దేహమును కూడా నశింపజేయగలవానిని గూర్చి ప్రభువు చెప్పాడు గదా అంటాడు. మేము మత్తయి 25:46 చూపిస్తాము. నిత్యజీవమునకూ నిత్యశిక్షకూ అక్కడ ఒకే మాట వాడబడింది, ఒకటి అంతము లేనిదైతే రెండవది ఎలా ముగుస్తుంది? ఇది అగస్టీను నాటి వాదమే. దానికి ఆయన ఫోనులో నవ్వి, "యూదా 7 చదవండి అన్నా, సొదొమకు నిత్యాగ్ని శిక్ష అని ఉంది, సొదొమ ఇప్పుడు కాలుతోందా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. అయినా 25:46ను దాటి పోలేక మేము అక్కడే నిలిచాము. అందరూ చివరకు రక్షింపబడతారన్న ఓరిగెను ఆశ వైపు మాత్రము వెళ్ళలేము. మూయబడిన తలుపును గూర్చి ప్రభువే చెప్పాడు. వెళ్ళాలని లేక కాదు.

ఆ తల్లికి ఇవేమీ చెప్పలేదు. "అమ్మా, తీర్పు తీర్చేవాళ్ళము మేము కాదు. సర్వలోకమునకు తీర్పు తీర్చేవాడు అన్యాయము చేయడని అబ్రాహాము నమ్మాడు, మేమూ అంతే నమ్ముతున్నాము. నీ బిడ్డ చివరి గడియలో ఏమి జరిగిందో మాకు తెలియదు" అన్నాము. ఆమెకు తృప్తి కలగలేదు. "మరి ఆ రోజు తెలిసినట్టే చెప్పారు గదండీ" అంది. తల వంచుకున్నాము. ఆమెతో కలిసి నేల మీద కూర్చొని ప్రార్థన చేశాము, ఆ ప్రార్థనలో మాటల కంటే మౌనమే ఎక్కువ.

పోయిన ఆదివారము వాక్యభాగము మత్తయి 25. దాటవేయాలనిపించింది గానీ, చివరి వచనము వరకూ చదివాము, గొంతు పెంచలేదు. ఆమె మూడవ వరుసలో కొంగు కప్పుకొని చివరిదాకా కూర్చుంది. ఆరాధన అయ్యాక దగ్గరకు వచ్చి, రెండవవాడు హైదరాబాదులో పనికి పోయి గుడికి రావడం మానేశాడని, వాడి ఫోను నంబరు వ్రాసుకొని ఒకసారి మాట్లాడమని అడిగింది.