మారేడుమిల్లి దారిలో మూకుడు

పోత ఇనుము పాత్రను అడవికి తీసుకెళ్లాలంటే ముందు బరువు లెక్క తేలాలి. 10 అంగుళాల పెనం సుమారు 2.5 కిలోలు తూగుతుంది. అమెరికాలో డచ్ అవెన్ అని పిలిచే, కాళ్లూ బరువైన మూతా ఉన్న 12 అంగుళాల క్యాంపు గిన్నె 8 కిలోల పైమాటే. సంచి భుజాన వేసుకుని కొండెక్కేవాళ్లకు ఇది శిక్ష. బండి డిక్కీలో చోటున్నవాళ్లకే ఈ సరదా చెల్లుతుంది. రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. కారులో పోయే దారే కనుక మా సామాన్లలో మూతతో సహా ఒక మూకుడు, ఒక చదును పెనం చేరాయి.

కొనేటప్పుడు చూడాల్సిన మొదటి సంగతి అది పోత పోసినదా, రేకు వంచినదా అన్నది. బజారులో రెండింటినీ ఇనప మూకుడనే అమ్ముతారు. రేకుది అంచు దగ్గర పల్చగా, తేలిగ్గా ఉంటుంది. త్వరగా కాగి త్వరగా చల్లారుతుంది. పోతది దళసరి, పైన సన్నని గరుకు. ఆ గరుకు ఇసుక అచ్చు వదిలిన గుర్తు. ఇంగ్లండులో అబ్రహాం డార్బీ 1707లో పేటెంటు పొందిన ఇనప గిన్నెల పోత కూడా ఇసుక అచ్చుల్లోనే. కుండను కొన్నట్టే దీన్నీ వేలి కణుపుతో తట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది. బొదబొదమంటే ఎక్కడో కంటికి కనపడని చీలిక ఉన్నట్టు. నేల మీద పెట్టి అటూ ఇటూ నొక్కితే ఊగకూడదు. చెక్క పిడి ఇంట్లో హాయే గానీ కట్టెల మంట మీద అదే ముందు కాలుతుంది. రెండు పక్కలా ఇనప చెవులున్నది క్యాంపుకు మేలు. ఎనామిల్ పూత వేసిన రంగురంగుల గిన్నెలు దెబ్బ తగిలితే పెచ్చులూడతాయి. వాటి చోటు వంటింట్లోనే.

కొత్త పాత్రను బయలుదేరే రోజున డబ్బాలోంచి తీయడం తెలివితక్కువ పని. ఒకట్రెండు రోజుల ముందే దాన్ని వాడకానికి అలవాటు చేయాలి. పాత పద్ధతిలో బియ్యం కడిగిన నీళ్లో గంజో పోసి నానబెట్టి, కొబ్బరి పీచుతో రుద్ది, పొయ్యి మీద తడారేదాకా ఆరబెట్టేవాళ్లు. ఆ పైన నూనె పూత. ఇక్కడే చాలామంది పొరబడతారు: నూనె దండిగా రాస్తే జిగురు కడుతుంది. రాసినదంతా తుడిచేసినట్టు అనిపించేంత పల్చగా రాసి, పొగ వచ్చి ఆగేదాకా కాల్చాలి. వేడికి నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఇనుముకు అంటుకునే గట్టి పొరగా మారుతుంది. అట్టు లేవడం, లేవకపోవడం ఆ పొర చేతిలోనే ఉంది. నాలుగైదు సార్లు కాలిస్తే బూడిద రంగు ఇనుము నలుపు తిరుగుతుంది. పొద్దుతిరుగుడు, కుసుమ నూనెలు ఇందుకు బాగా పనికొస్తాయి. వేరుశనగ నూనె కూడా ఫరవాలేదు. కొబ్బరి నూనె, ఆముదం ఇలా ఆరి గట్టిపడే రకాలు కావు.

ఘాట్ రోడ్డులో పోత ఇనుముకు ఇంకో గండం. ఈ ఇనుములో కర్బనం 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. అందుకే దెబ్బ తగిలితే వంగదు, సొట్టపడదు, పగులుతుంది. మలుపుల్లో మూత మూకుడు మీద ఎగిరెగిరి పడకుండా రెంటినీ వేర్వేరు గోనె సంచుల్లో చుట్టి, అడుగున కదలకుండా సర్దాలి.

రిజర్వు ఫారెస్టులో ఎక్కడ పడితే అక్కడ నిప్పు రాజేయడం నేరం. వంట క్యాంపువాళ్లు చూపించిన పొయ్యి దగ్గరే. అక్కడ కూడా మంట మీద కాదు, నిప్పుల మీద. అల్యూమినియంతో పోలిస్తే పోత ఇనుము వేడిని పక్కలకు పంచడంలో బాగా వెనకబాటు; దాదాపు నాలుగోవంతు. కింద మంట ఒక పక్కే నాలుక చాస్తే ఆ పక్క మాడుతుంది, రెండో పక్క పచ్చిగా ఉంటుంది. కట్టెలు కణకణలాడే నిప్పులయ్యాక వాటిని పరిచి, పాత్రను పది నిమిషాలు ఊరికే కాగనివ్వాలి. నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఇగిరిపోకుండా గుండ్రంగా పరుగులు తీసిందంటే పెనం బాగా కాగినట్టే. ఒకసారి పట్టిన వేడిని ఆ దళసరి తొందరగా వదలదు. అందుకే వేపుడును పూర్తిగా వేగకముందే దించాలి. మిగతా పని మూకుడే కానిస్తుంది.

ఈ గుణం పూర్తిగా అక్కరకొచ్చే వంట గోదావరి జిల్లాల దిబ్బరొట్టె. మినప్పిండి, బియ్యపు రవ్వ కలిపిన పిండిని నూనె వేసిన మూకుట్లో రెండంగుళాల మందాన పోసి, మూత పెట్టి, కింద పల్చగా, మూత మీద దండిగా నిప్పులు వేస్తారు. డచ్ అవెన్ మూతకు నిలువు అంచు ఉండేది కూడా నిప్పులు జారిపోకుండా నిలవడానికే. మా మూకుడు మూతకు ఆ అంచు లేదు; ఊదినప్పుడల్లా నివురు లోపలికి దిగబోయింది. అరగంట గడిచాక అట్లకాడ అంచున దూర్చితే రొట్టె చుట్టూ వలయంలా ఊడి, బెల్లం రంగు తిరిగిన అడుగుతో పైకి లేచింది.

మారేడుమిల్లి రోడ్డు పక్కన మాత్రం ఈ ఇనుము గొడవే లేదు. బొంగు చికెన్‌కు పచ్చి వెదురే పాత్ర. మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద కాలుస్తారు, వంటయ్యాక పగలగొడతారు. కడిగే పనే లేని ఆ గిన్నె మీద కాస్త అసూయ సహజం.

పోత ఇనుములో వండకూడనిది పులుసు. చింతపండు, టమాటా ఎక్కువసేపు ఉడికితే నూనె పొరను తినేస్తాయి. కూర నల్లబడి ఇనుము కంపు కొడుతుంది. పులుసుకు స్టీలు గిన్నె ఒకటి వెంట ఉండాలి. ఇత్తడికి చేసినట్టు చింతపండుతో తోమడం కూడా అందుకే తగదు. మాడు అంటితే వేడి నీళ్లు, రాళ్ల ఉప్పు, కొబ్బరి పీచు చాలు. సబ్బు తగలకూడదన్న మాట కాస్టిక్ సోడా ఘాటు తగ్గని పాత సబ్బుల నాటిది. ఇప్పటి గిన్నెల సబ్బు కొంచెం వాడితే పొర పోదు.

కాలుతున్న పెనాన్ని తీసుకెళ్లి వాగు నీళ్లలో ముంచడం మాత్రం క్షమించరాని తప్పు. మాలో ఒకరి చేతిలో మా చదును పెనం అలాగే టక్కుమని చీలింది. దాన్ని ఇంట్లో అతికించే మార్గం లేదు. మూకుడుది వేరే కథ. రాత్రి కడిగి బయటే బోర్లించడంతో మంచుకు తడిసి, తెల్లారేసరికి పసుపు ఎరుపు కలిసిన తుప్పు చుక్కలు తేలాయి. తుప్పు భయపడాల్సినది కాదు. ఇనప పీచుతో రుద్ది, నిప్పు మీద ఆరబెట్టి, నూనె గుడ్డ తిప్పి, మళ్లీ కాలిస్తే సరిపోతుంది.

ఇంటికి తెచ్చాక మూకుడుకీ మూతకీ మధ్య మడిచిన న్యూస్‌పేపరు పెట్టాలి. గాలి ఆడకుండా మూసి పెడితే లోపలి చెమ్మ తుప్పు పట్టిస్తుంది, మిగిలిన నూనె ముక్కు వాసన వేస్తుంది. నెలల తరబడి అటక మీద ఉంచడం కంటే వారానికోసారి ఉల్లిపాయ చెక్కతో నూనె రాసి అట్లు పోసుకుంటేనే పొర బాగా నిలుస్తుంది.